ఒడిబియ్యంతో లాంచీ ఎక్కిన రోజు

కొల్లాపూర్‌లో నా భార్యకు ఆమె అన్న ఒడిబియ్యం పోసిన మర్నాడు మేమిద్దరం సోమశిల రేవులో లాంచీ ఎక్కాం. వానలు బాగా పడి కృష్ణ నిండుగా ఉంది. పొద్దున బయలుదేరి, గుట్టల నడుమ శ్రీశైలం దారిలో కొంతదూరం పోయి, సాయంత్రానికి మళ్లీ రేవులో దింపే విహారం అది. బస్సు కండక్టరుగా రిటైరైన నాకు ప్రయాణమంటే సరదా ఏమీ మిగల్లేదు. అందులోనూ ఇది ఎక్కడా స్టేజీ రాని ప్రయాణం. ఆమె అడిగింది కాబట్టి వచ్చాను.

ఆమె అడగడానికి కారణం ఉంది. ఆమె పుట్టిన ఊరు ఆ నీళ్ల అడుగున ఉంది. శ్రీశైలం డ్యాము కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో అదొకటి. అప్పటికి ఆమె చిన్నపిల్ల. మా మామ ఆ ఊళ్లో ఒక పటేలు దగ్గర జీతగాడిగా ఉండేవాడు. సొంత భూమి గుంటెడు కూడా లేదు కనుక వాళ్లకు పోయిందల్లా రెండర్రల మట్టి ఇల్లే. నీళ్లు రాకముందే మూటాముల్లె సర్దుకుని కూలి పనులకు పాలమూరు చేరారు. చాలా ఏళ్ల తర్వాత కొడుక్కి ఉద్యోగం వచ్చి కొల్లాపూర్‌లో ఇల్లు కట్టాడు.

మా వైపు పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. పుట్టిల్లు ఖాళీ కాకూడదని ఆమె అందులోంచి పిడికెడు తీసి ఆ ఇంట్లోనే వదిలి వస్తుంది. మా అత్త బతికున్నన్నాళ్లూ కూతురు ఆ పిడికెడు వదిలేటప్పుడల్లా ఒకటే మాట అనేది.

"ఇది నీ తల్లిగారిల్లు గాదు బిడ్డా. నీ తల్లిగారిల్లు నీళ్లల్లున్నది."

అత్త పోయాక జరిగిన మొదటి ఒడిబియ్యం ఇది. ఈసారి నా భార్య ఆ పిడికెడు అన్న ఇంట్లో వదల్లేదు, కొంగున ముడివేసుకుంది. లాంచీ తమ ఇంటి మీదికి వచ్చినప్పుడు కృష్ణలో వదులుతుందట. వదినె చిన్నబుచ్చుకుంది. నా లెక్కన నీళ్లన్నీ ఒక్కటే, రేవులోనే వదిలేసి బస్సెక్కొచ్చు. ఆ మాట పైకే అన్నాను.

"నువ్వు టికెట్లు గొట్టినోనివి, నీకన్న తెల్వాలె. ఒక ఊరికి టికెట్ దీస్కోని ఇంకో ఊర్ల దిగుతరా?" అంది.

లాంచీలో అందరికీ నారింజ రంగు జాకెట్లు తొడిగారు. స్పీకర్లో పాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. మా పక్కన ఒక ముసలామె, కోడలితో కలిసి వచ్చింది, బొంగురు గొంతు. మునిగిన ఇంకో ఊరి మనిషేనట. పాటలకు తిడుతూ, నీళ్లకు దండం పెడుతూ కూర్చుంది. నేను గుట్టలు చూస్తూ కునికిపాట్లు పడుతున్నాను.

"అగో! మా ఊరి గుడి!" అని నా భార్య నా మోకాలు చరిచింది.

ఎడమ గట్టు మీద గోపురం కనిపించింది. వాళ్ల వాడవాళ్లను ఆ గుడిలోకి రానిచ్చేవాళ్లు కాదు. ఆమెకు అది దూరం నుంచే తెలుసు. చిన్నప్పుడు వాకిట్లో నిలబడి, చెయ్యి చాపి, ఒక కన్ను మూసి చూస్తే గోపురం సరిగ్గా తన బొటనవేలంత కనిపించేదని నాకు చాలాసార్లు చెప్పింది. ఇప్పుడూ అదే పని చేసింది. రెయిలింగ్ పట్టుకుని, బొటనవేలు చాపి, ఒక కన్ను మూసింది. లాంచీ కదులుతున్న కొద్దీ గోపురం చిన్నదవుతూ వచ్చి వేలి వెనక్కి పోయింది. తమ వాకిలి అక్కడేనని కొంగు ముడి విప్పి పిడికెడూ నీళ్లలో వదిలింది. అంత సంతోషం ఆమె మొహంలో ఈ మధ్య చూడలేదు.

ముసలామె చూస్తూనే ఉంది. "గుడిని జూసి ఆనవాలు బెట్టుకున్నవా బిడ్డా? గది జరిపిన గుడి గదా! రాయిరాయికి అంకె ఏసి, పైకి దెచ్చి మల్ల గట్టిండ్రు. మీ ఊరు ఇంక ముంగటున్నది. గా జంట గుట్టల నడుమ."

ఈ చుట్టుపక్కల అది తెలియనివాళ్లు లేరు. నా భార్యకు తెలుసు, నాకూ తెలుసు. కానీ గోపురం కంటపడగానే ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. ఆమె బెంచీ మీద కూలబడింది. కొంగు కొసన పసుపు మాత్రం మిగిలింది.

"రాళ్లను మోసిండ్రు," అంది చివరికి. "మా ఇంటికి ఒక్క అంకె ఎయ్యలే."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. జంట గుట్టలు వచ్చాయి, పోయాయి. ఆమె తల ఎత్తలేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి నాకు అన్నం, చింతకాయ తొక్కు పెట్టింది. తను ముట్టలేదు. నేను తిన్నాను. ఆకలి వేస్తే తినడం నా అలవాటు.

తిరుగు దారిలో జంట గుట్టలు మళ్లీ దగ్గరపడ్డాయి. ఎండ వాలింది, స్పీకరు ఆపేశారు. ఆమె డబ్బా మూత తీసింది. మిగిలిన తెల్లన్నం ముద్ద చేసి రెయిలింగ్ దగ్గరికి నడిచింది. ముసలామె గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏందే, వండిన మెతుకులు ఇడుస్తవా? గది సచ్చినోళ్లకు బెట్టేది. తల్లిగారింటికి బియ్యమే ఇడవాలె!"

"ఎరికే అవ్వా," అంది నా భార్య. "బతికున్నదనుకోనే గదా ఇన్నేండ్లు బియ్యం ఇడిచిన."

ముసలామె చెయ్యి వదిలేసింది. ముద్ద నీళ్లలో పడి, కాసేపు తెల్లగా కనిపించి, మునిగిపోయింది. నా భార్య ఏడ్చింది, చాటుగా కాదు, అందరూ చూస్తుండగానే. ముసలామె కోడలు వచ్చి ఆమె వీపు నిమిరింది.

తర్వాత కళ్లు తుడుచుకుని ఇంకో ముద్ద చేసి నా ముందుకు చాపింది.

"నువ్వు గూడ ఎయ్యి. ఆ ఇంటి అల్లునివి."

ఆ ఇంటికి నేనెన్నడూ పోయింది లేదు. ముద్ద అందుకుని, చెప్పులు విడిచి, రెయిలింగ్ దగ్గరికి నడిచాను.