మార్డీ గ్రా నాడు అడుక్కున్న బియ్యం

లూసియానాకి వచ్చిన రెండేళ్ళకి మా ఆవిడకి ఒక పిచ్చి పట్టుకుంది. నేను లఫాయెట్‌లో ఒక ఆయిల్ కంపెనీలో ఇంజనీర్ని. వారంలో సగం సముద్రం మీద రిగ్గుల్లోనే గడిచేది. ఆదివారమైనా ఇంట్లో కాళ్ళు చాపుకుందామంటే ఊరుకునేది కాదు. స్టేషన్ వ్యాగన్ తీసి, చెరుకు తోటలూ వరి మళ్ళూ దాటుకుంటూ, ఫలానా పల్లెలో ఎవరో బొమ్మలు చేస్తున్నారని వినిపించిన ప్రతి పెరడుకీ పోవలసిందే. అదంతా కేజన్ల ప్రాంతం. ఎన్నో తరాల కిందట వచ్చి అక్కడ స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ళ సంతతి వాళ్ళు. ఒకాయన చెక్కతో బాతులు చెక్కేవాడు. ఇంకొకాయన ఇంటికి వెయ్యగా మిగిలిన రంగులతో పాత రేకుల మీద తన చిన్ననాటి పత్తి చేలు గీసేవాడు. ఎవరూ బడికి పోయి నేర్చుకున్నవాళ్ళు కాదు.

"ఎవరూ నేర్పలేదటండీ. అయినా ఆ చేతిలో కళ చూడండి!" అనేది తిరుగు దారిలో. కళ్ళు నిజంగానే చెమర్చేవి. నేను ఊఁ కొట్టి రేడియో ట్యూన్ చేసేవాణ్ణి.

ఊఁ కొట్టక ఏం చెయ్యను? మా నాన్న పగటివేషగాడు. ఊరూరా తిరిగి, రోజుకో వేషం కట్టి, వీధి వీధిలో ఆడి పాడి, ఆఖరి రోజున జోలె పట్టి బియ్యం అడిగే వృత్తి మాది. ఊహ తెలిసినప్పటినుంచి మిషను హాస్టల్లో చేరేదాకా ఆ జోలె పట్టింది నేనే. నేను కాలేజీలో ఉండగా నాన్న పోయాడు. ఆ తరవాత ఆ సంగతి ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు, వచ్చినా చెప్పలేదు. ఓక్లహోమాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు మా ఆవిడ పరిచయమైంది. గుంటూరులో పేరున్న లాయరుగారి అమ్మాయి. "నాకు కులం గిలం పట్టింపు లేదు" అంది మొదట్లోనే. మీ నాన్నగారు ఏం చేసేవారని మాత్రం ఒక్కసారి అడిగింది. "వ్యవసాయం" అన్నాను. మా నాన్నకి గోరంత పొలం కూడా ఉండేది కాదు.

ఆ తిరుగుళ్ళలోనే ఒక ముసలావిడ దొరికింది. కిటికీలకి కొట్టే ఇనప జాలీని కత్తిరించి, మొహం ఆకారానికి వంచి, దాని మీద ముక్కూ మీసాలూ గీసి మాస్కులు చేసేది. జాలీ లోంచి మనకి అందరూ కనిపిస్తారు, మనం ఎవరికీ కనిపించం. మా ఆవిడ ఒకటి కొని హాల్లో టీవీ పైన తగిలించింది. ఎందుకు చేస్తావమ్మా ఇవి అని అడిగితే, మార్డీ గ్రా కోసం అంది ముసలావిడ. న్యూ ఆర్లీన్స్‌లో ఊరేగింపులూ పూసల దండలూ ఉండేది కాదు, పల్లెల్లోది. క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజున మగవాళ్ళంతా ముసుగులేసుకుని, గుర్రాల మీదా బళ్ళ మీదా పొలాల ఇళ్ళకి పోయి, ఆడి పాడి, మోకాళ్ళ మీద పడి అడుక్కుంటారు. కోడి, బియ్యం, ఉల్లిపాయలు, ఎవరు ఏదిస్తే అది. సాయంత్రం అదంతా కలిపి పెద్ద గంగాళంలో గంబో అనే పులుసు వండి ఊరంతా తింటారు.

"అడుక్కుంటారా!" అంది మా ఆవిడ, చప్పట్లు కొట్టినంత సంబరంగా.

ముసలావిడ అల్లుడు మా రిగ్గులోనే డ్రిల్లర్. ఆ ఏడు నన్నూ రమ్మన్నాడు. గుర్రమెక్కడం రాదన్నాను. ట్రాక్టరు వెనక బండి ఉంటుందన్నాడు. డ్యూటీ ఉందేమో అన్నాను. షిఫ్టులు వేసేది తనేనని నవ్వాడు. ఇంట్లో చెప్తే మా ఆవిడ పొంగిపోయింది. "మనల్ని రమ్మన్నారంటే సొంతవాళ్ళు అనుకున్నట్టేగా! వెళ్ళండి, ప్లీజ్." ముసలావిడ నా కొలతలు తీసుకుని పేలికల అంచులు కుట్టిన చొక్కా, పొడుగాటి సూది టోపీ, మాస్కు ఇచ్చింది. చేతులకి గ్లవ్స్. నా రంగు కూడా కనపడదు. అవన్నీ వాళ్ళింట్లోనే వేసుకున్నాను, మా ఆవిడ చూడనే లేదు.

ఫిబ్రవరి చలి. పొద్దున్నే బండెక్కాం. ముసుగు లేనిది మా జట్టుని నడిపించే కెప్టెన్ ఒక్కడికే. అతను ఒక చేత తెల్లజెండా, ఇంకో చేత కొరడా పట్టుకుని ముందు ఇంటివాళ్ళని అడుగుతాడు, రమ్మని జెండా ఊపితే మేం పరిగెత్తాలి. మొదటి రెండిళ్ళ దగ్గర నేను వెనకే నిలబడ్డాను. పెద్ద పెద్ద పికప్ ట్రక్కులున్న మగాళ్ళు బురదలో మోకాళ్ళేసి, ఇందులో వెయ్యండన్నట్టు అరచేతిలో వేలు పొడిచి చూపిస్తూ, విరగబడి నవ్వుతూ అడుక్కుంటున్నారు. వాళ్ళ మీద నాకు మండుకొచ్చింది. ఒక్క రోజు అడుక్కుని రేపు కారెక్కేవాళ్ళకి సరదాగానే ఉంటుంది మరి.

మూడో ఇంటి వరండాలో ఆ ఇంటావిడ పక్కన మా ఆవిడ నిలబడి ఉంది. మాస్కుల ముసలావిడతో కలిసి వచ్చిందట. ఇంటావిడ బియ్యం గిన్నె మా ఆవిడ చేతికిచ్చి, నువ్వే పొయ్యమ్మా అంటోంది. కెప్టెన్ కొరడాతో నా వీపు మీద మెల్లిగా తట్టాడు. "నువ్వింకా అడగలేదు. పో."

పోయాను. ఏదో తూతూమంత్రంగా చెయ్యి చాపి వచ్చేద్దామనే పోయాను. కానీ మెట్ల దగ్గరికి చేరేసరికి నడుం దానంతటదే వంగింది. ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచాను. చొక్కా అంచు రెండు చేతులా జోలెలాగా పట్టాను. గొంతులోంచి సన్నటి రాగం వచ్చింది, మాటల్లేకుండా. అది నేను చేస్తున్నట్టు లేదు. చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. మా ఆవిడ గుప్పెడు బియ్యం పోసింది. వంగలేదు, మెట్టు దిగలేదు, చెయ్యి కాస్త ఎత్తు నుంచే వదిలింది. అప్పుడు నా వేళ్ళు జోలెని ఒక్క కుదుపు కుదిపాయి. అలా కుదిపితే బియ్యం అడుక్కి పోతుంది, ఏమీ పడనట్టు కనిపిస్తుంది, ఇచ్చేవాళ్ళు ఇంకో గుప్పెడు పోస్తారు. నాన్న నేర్పింది అదే. మా ఆవిడ ఇంకో గుప్పెడు పోసింది.

"వీడే అందరికంటే బెస్ట్" అంది ఇంటావిడతో.

మాస్కు లోపల నాకు చచ్చినంత పనైంది. చెమటో కన్నీళ్ళో, జాలీ మీద రంగు తడిసి పెదాలకి అంటుకుంది.

సాయంత్రం గంబో తినే హాల్లో మాస్కు తీశాక డ్రిల్లర్ నా వీపు చరిచి, ఆ మూడో ఇంటి దగ్గర అడుక్కున్నది నేనేనని అందరికీ చెప్పేశాడు. మా ఆవిడ నోరు తెరిచి, "అది మీరా! నేను పోసింది మీకా!" అని పడీ పడీ నవ్వింది. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?" నేను పులుసు తింటూ కూర్చున్నాను. తను అంతటితో వదలలేదు. హ్యూస్టన్‌లో తెలుగువాళ్ళ ఉగాది పార్టీకి వంట పంపకాలు మాట్లాడుతూ, మా ఆయన బిచ్చగాడి వేషం వేస్తారు, చూసి తీరాలి అని ఫోన్లో చెప్పేసింది.

పార్టీ ఉన్న శనివారం హ్యూస్టన్‌కి డ్రైవ్ చేస్తూ కారులో చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. వ్యవసాయం కాదన్నాను. జోలె అన్నాను. తను కిటికీ వైపు తిరిగింది.

"మా ఇంటికీ వచ్చేవాళ్ళు" అంది. "అమ్మ గుమ్మం దిగేది కాదు. నాచేత పోయించేది."

"ఊఁ."

"ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదండీ? ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది, ఇప్పటికీ నాకు అనుమానం లేదు. ఇన్నేళ్ళూ మోసుకొచ్చిన బరువు దిగినట్టయింది నాకు. అడిగితే అందరి ముందూ చెప్పేద్దామనుకున్నాను కూడా.

పార్టీ ఒక డాక్టరు గారింట్లో. పులిహోర, గారెలు, కారెట్ హల్వా, నేల మీద జంపఖానాలు. భోజనాలయ్యాక డాక్టరు గారి భార్య పట్టుకుంది. "ఏదండీ మీ వేషం? మేమంతా కాచుక్కూచున్నాం." అందరూ గుండ్రంగా చేరారు. నేను లేచి నిలబడ్డాను. "అసలు ఎక్కడ నేర్చుకున్నారు ఇదంతా?" అందావిడ.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది.

"వాళ్ళ నాన్నగారు నాటకాల్లో వేసేవారండీ. స్టేజీ మీద. పద్యాలు అద్భుతంగా పాడేవారట."

నేను తన వంక చూశాను. తను నా వంక చూడలేదు, చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. ఓక్లహోమాలో వ్యవసాయం అన్న రోజు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

"అలాగా! మరి చెప్పరేం!" అన్నారు డాక్టరు గారు. "ఏ వేషాలు వేసేవారు?"

దానికి నిజమైన జవాబు ఉంది. మా నాన్న ఎరుకలసాని వేషం కట్టి, బుట్ట చంకన పెట్టుకుని వీధిలోకి వస్తే ఆడవాళ్ళు పనులు వదిలేసి అరుగుల మీదికి వచ్చేవారు.

"రాజు వేషాలేనండీ" అన్నాను.

నా పక్కన మా ఆవిడ ఊపిరి వదలడం వినిపించింది.