చింతగింజల డ్రమ్ము

మా పక్కింటి చాచా పోయాడని పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. మానుకోటలో జనగామ బస్సెక్కానే గానీ సీట్లో నిలకడగా కూర్చోలేకపోయాను. ఆయనా అంతే, చాయ్ కూడా ఎన్నడూ కూర్చుని తాగలేదు.

పటాలంలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. తెలంగాణ కోసం ఊరూరా ఆటాపాటా నడుస్తున్న రోజుల్లో, మేం పాత సాయుధ పోరాటం మీద నాటకం కట్టాం. తమ్ముడిది దళనాయకుడి వేషం. వాడికి కట్టెతో సబ్ మెషిన్ గన్ చేసిపెట్టమని చాచాను అడిగాం. తూటాలుండే మ్యాగజీను గుండ్రంగా, డ్రమ్ములా ఉండాలని తమ్ముడి పట్టు.

"చూడనీకి మంచిగుంటది చాచా!"

"ఏం మంచిగ బేటా? డ్రమ్ముల గోలీలు ఎక్కువ పడ్తయ్, నిజమే. గానీ బరువు. నింపాల్నంటే పరేషాన్. నడుస్తుంటే లోపల గలగల. నేనొస్తున్నా అని దుష్మన్‌కు నువ్వే చెప్పినట్టు! అదే పొడుగు బాక్సు మ్యాగజీను జూడు, సన్నగుంటది, సప్పుడు రాదు. ఒకటి ఒడిస్తే ఇంకోటి టక్కున పెట్టుకోవచ్చు."

తమ్ముడు మూతి ముడిచినా వినలేదు. పొడుగాటి బాక్సే చేసి నల్లరంగు వేశాడు. అబ్బ, అచ్చం నిజం తుపాకీలా ఉంది!

ఆ నిజమే మా కొంప ముంచబోయింది. ఆటకని చాచాను కూడా తీసుకుని ఆటోలో చిట్యాల పోతుంటే దారిలో పోలీసులు ఆపారు. తమ్ముడు తుపాకీతోనే ఆటో దిగాడు. ఎదురుగా ఉన్న పోలీసు వాడి మీద తుపాకీ గురిపెట్టి "కింద పడెయ్!" అని అరిచాడు. తమ్ముడు కొయ్యబారిపోయాడు. చాచా చేతులెత్తి ఇద్దరి మధ్యకు నడిచాడు.

"కట్టెది సాబ్, ఉత్త కట్టెది! నేనే చేసిన."

తిట్టి వదిలేశారు. చిట్యాల చేరగానే చాచా ఆ బాక్సు పీకి పారేశాడు. హోటల్లో గుండ్రటి బిస్కెట్ల డబ్బా అడిగి తెచ్చి బిగించి, లోపల గుప్పెడు చింతగింజలు పోశాడు.

"నువ్వే వద్దంటివి గద చాచా?" అన్నాడు తమ్ముడు.

"దుష్మన్‌కు వినపడొద్దని వద్దంటి. గిప్పుడు అందరికీ వినపడాలె, గిది ఉత్తదని. నా పనితనం బొందల పెట్టు, నీ పాణం కంటె ఎక్కువనా?"

తర్వాత ఆట ఆడినప్పుడు జఫర్‌గఢ్‌లో "తుపాకా, గిలక్కాయా?" అని జనం నవ్వారు. చాచా మొహం మాడిపోయింది. అయినా ఆ డబ్బా తీయనివ్వలేదు. తమ్ముడు ఇవాళ ఇద్దరు పిల్లల తండ్రి. ఆయన రుణం ఎట్లా తీరుతుంది?

నేను ఊరు చేరి, చాచాను మోసుకుని జనాజా లేచేసరికి తమ్ముడు ఆ తుపాకీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దాన్ని పట్టుకునే జనాజా వెంట నడిచాడు. వీధి మలుపు తిరిగేదాకా చాచా వెనకాలే చింతగింజలు గలగలమంటూనే ఉన్నాయి.