ఒకటి పాయింట్ నాలుగులో తీసిన ఫోటో

కొత్త లెన్సులంటే నాకు గిట్టదు. బాగోవని కాదు, మరీ బాగుంటాయి, అదే నా బాధ. బటన్ సగం నొక్కితే చాలు, ఫోకస్ వాటంతటవే వెతుక్కుంటాయి. ఎదుటి మనిషి కన్ను ఎక్కడుందో కూడా అవే కనిపెడతాయి. ఇక మధ్యలో మనమెందుకు? పరవాడ ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు మీటర్ల ముందు కూర్చుని, మిషన్లు పని చేసుకుంటుంటే చూడడమే నా ఉద్యోగం. ఆదివారం కూడా అదే పనా?

అందుకని కెమెరా కొత్తదే కొన్నా, దానికి నాకన్నా వయసులో పెద్దదైన లెన్సు తగిలించాను. పాతవూళ్లో ఒకప్పుడు కెమెరాలు రిపేరు చేసి, ఇప్పుడు వాచీలకు బ్యాటరీలు మారుస్తున్న సాయిబుగారి దగ్గర దొరికింది. సముద్రపు గాలికి లోపలి గాజుకు పట్టిన బూజు ఆయనే విప్పి తుడిచి ఇచ్చారు. ఇంటికొచ్చి బిగిస్తే, అసలు లెన్సే పెట్టలేదని కెమెరా మొండికేసింది. మెనూలో ఎక్కడో మూలనున్న ఒక సెట్టింగు మారిస్తే గానీ దారికి రాలేదు. ఆ గంటసేపూ మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట. పాత గాజుముక్క పట్టుకొచ్చి ముద్దులాడతన్నారేటి?" అంది.

ఆ లెన్సుకి రెండు రింగులు. ఒకటి తిప్పితే ఫోకస్ మారుతుంది. రెండోదాని మీద అంకెలుంటాయి. ఒకటి పాయింట్ నాలుగు దగ్గర పెడితే లెన్సు పూర్తిగా తెరుచుకుంటుంది, మనం ఫోకస్ పెట్టిన చోటు తప్ప ముందూ వెనకా అంతా మసక. పదకొండుకి తిప్పితే ఎదురుగా ఉన్న మనిషీ, ఆ మనిషి వెనకున్న గోడా రెండూ తేటగా వస్తాయి. పాత లెన్సుల పిచ్చోళ్లం మాత్రం పదకొండు జోలికి చస్తే పోము. ఆ మసక కోసమే కదా ఇంత వెర్రి! మాకో వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. అందులో ఎవరి ఫోటోలో వెనకాల ఎంత బాగా కరిగిపోయిందనేదే చర్చ.

ఆదివారం పొద్దున్నే పెందుర్తి నుంచి బండి మీద సముద్రం ఒడ్డున ఉన్న జాలరిపేట వెళ్లి చేపలు తేవడం నాకు అలవాటు. ఒకావిడ దగ్గరే కొంటాను. అరవై దాటుంటాయి. నేను మామ్మా అంటాను, ఆవిడ బాబూ అంటుంది. బేరమాడితే మాత్రం బాబూ లేదు, గీబూ లేదు, "తిన్నగా ఎల్లిపో, ఆ పక్కన కుళ్లిపోయినవి అమ్ముతన్నారు" అంటుంది. నా మెడలో కెమెరా చూసి ఒకరోజు తనే అడిగింది.

"నాకో పోటో తీస్తావేటి బాబూ?"

"దానికేం మామ్మా, ఇప్పుడే తీస్తాను."

"ఇప్పుడొద్దు. ఇక్కడొద్దు. మా పడవ కాడ తియ్యాల."

ఆ పడవ సంగతి ఆవిడే చెప్పింది. భర్త చనిపోయి మూడేళ్లయింది. కొడుకు ఫైబర్ బోటు మీదకి మారిపోయాడు. చెక్కపడవ ఇసుకలో పడి పలకలు వదులైపోతోంది. చోటు ఖాళీ చెయ్యాలి, విప్పి కర్ర అమ్మేద్దామని కొడుకు, ఒప్పుకోనని ఈవిడ. ఎందుకంటే పడవ ముక్కు మీద ఆయన రెండు పేర్లు రాయించాడు. ఒకటి తనది, దాని పక్కనే భార్యది. పెళ్లాం పేరేట్రా పడవ మీద, అని చుట్టుపక్కల వాళ్లు నవ్వారట. ఆయన లెక్కచెయ్యలేదట. వీళ్లిద్దరూ కలిసి తీయించుకున్న ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లినాటిది లేదు, తరవాతదీ లేదు.

"ఆ రెండు పేర్లు కనబడాల బాబూ. నాను పక్కనుండాల. అదొక్కటి తీసీసినావంటే, ఇప్పీసుకోండ్రా అని సెప్పీస్తాను," అంది.

విన్నాను. బాగానే విన్నాను. వినలేదని ఇప్పుడు బొంకి ఏం లాభం?

మరుసటి ఆదివారం వెళ్లేసరికి పడవని కడిగి ఉంచింది. ముక్కుకి పసుపు రాసి, రెండు పేర్ల చుట్టూ కుంకుమ బొట్లు పెట్టి, మందారపువ్వు గుచ్చింది. తను మాత్రం రోజూ కట్టే చీరలోనే ఉంది. అది చూస్తేనే అర్థం కావాలి, ఫోటో తనకి కాదు, ఆ పేర్లకని. నాకు అర్థమైంది వేరు. పడవ పక్కన నీలం టార్పాలిన్, ప్లాస్టిక్ డ్రమ్ములు, ఎవరిదో మోటార్‌సైకిల్. అబ్బే, ఇదంతా ఫోటోలో పడితే ఏం బాగుంటుంది అనుకున్నాను. మసక బాగా రావాలని ఆవిణ్ణి పడవకి నాలుగడుగులు ముందుకి జరగమన్నాను.

"పక్కనుంటానన్నాను కదా?" అంది.

"ఫోటోలో పక్కనే ఉన్నట్టుంటుంది మామ్మా," అన్నాను. పెద్ద తెలిసినవాడిలా!

పక్కనే నిలబడ్డ ఆవిడ కోడలు ఫోన్ తీసింది. "నానొకటి తీసీయనా అత్తా?" అంది.

"ఫోన్లో ఏం వస్తుందమ్మా, కాస్త తప్పుకో," అన్నాను. పాపం, ఆ అమ్మాయి నొచ్చుకోకుండా ఫోన్ బొడ్లో దోపుకుంది.

ఒకటి పాయింట్ నాలుగు పెట్టాను. ఆ అంకె దగ్గర ఫోకస్ దొరకడమంటే మాటలు కాదు. మనిషి వేలెడు కదిలినా కన్ను తప్పి చెవి మీద పడుతుంది. ఫోకస్ కుదిరిన చోట కెమెరా ఎర్రటి గీతలు చూపిస్తుంది. ఆ గీతలు ఆవిడ కనురెప్పల మీదకి తేవడానికి రింగు ఇటు తిప్పి, అటు తిప్పి, చెమటలు పట్టాయి. ఆవిడేమో కుదురుగా ఉండదు, దారిన పోయేవాళ్లందరినీ పలకరిస్తుంది. నలభై తీస్తే ఒకదానిలో కుదిరింది. రెప్పవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

"పేర్లు పడినాయా బాబూ?"

"పడ్డాయి మామ్మా."

చూడకుండానే చెప్పాను. ఎండలో ఆ బుల్లి తెర మీద ఆవిడ కన్ను పెద్దది చేసుకుని చూసుకున్నాను గానీ పడవ వైపు చూపు పోలేదు.

గ్రూపులో పెట్టాను. అబ్బో, ఒకటే పొగడ్తలు. వెనకాలంతా వెన్నలా కరిగిపోయిందన్నాడొకడు. ఏ లెన్సు, ఏ లెన్సు అని పదిమంది అడిగారు. ఉబ్బిపోయాను. ఈలోగా రెండు ఆదివారాలు డ్యూటీ పడింది. మంచి కాగితం మీద పెద్దది వేయించి, ఫ్రేమ్ కట్టించి, మూడో ఆదివారం పట్టుకెళ్లాను.

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని అందుకుంది. చాలాసేపు చూసింది. ఎండ పడుతోందని పక్కకి తిప్పి చూసింది. తన ముఖం వెనకాల పసుపూ నీలమూ కలిసిన మరకలాంటి దాని మీద వేలు పెట్టింది.

"ఇదేటి?"

"అది పడవ మామ్మా."

"పేర్లేవి?"

అప్పుడు చూశాను నేను, ఆ ఫోటోని ఆవిడ చూసినట్టు. ఒక్క అక్షరం లేదు. కుంకుమ బొట్లు ఎర్రటి పొగలా ఉన్నాయి.

"మళ్లీ తీస్తాను మామ్మా. ఇప్పుడే. కెమెరా బండి మీదే ఉంది. ఒక్క రింగు తిప్పితే చాలు, పేర్లు శుభ్రంగా వస్తాయి," అని గబగబా అన్నాను.

పక్కనున్న కోడలు అంది: "పడవేది బాబూ? లచ్చివారం నాడు ఇప్పీసినారు. పేర్లున్న పలకొక్కటీ ఉంచుదుమా అని మా ఇంటాయన అడిగితే, పోటోలో ఉన్నాయి కదా, పలకెందుకని అత్తే అంది. కర్రంతా అదే రోజు లారీ మీద ఎలిపోయింది."

క్షమించమని అడిగాను. అదే మాట మూడు నాలుగుసార్లు అన్నాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను, బేరానికే అంత తిట్టే మనిషి కదా. తిట్టలేదు. ఫ్రేముని ఒళ్లోంచి తీసి నా చేతికే ఇచ్చేసింది.

"నా మొకం అద్దంలో సూసుకుంతాను బాబూ," అంది. "ఆయన పక్కన నా పేరు ఏ అద్దంలో సూసుకోను?"