వాన మాకు, గాలి వాళ్ళకు

మా ఆసుపత్రిలో కొత్త చీర కట్టుకొచ్చిన వాళ్ళెవరూ ఇందిరక్క లాండ్రీ ముందు నుంచి నడవరు. వెనక తోవన, జనరేటర్ షెడ్డు పక్కనుంచి చుట్టు తిరిగి పోతారు. ఎందుకంటే ఆమె కంటపడితే కొంగు పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి, ఉన్నమాట అనేస్తుంది. పాస్టరమ్మ గారు పెళ్ళిరోజుకు కట్టుకొచ్చిన చీరను కూడా అలాగే నలిపి, "ఇది పట్టు కాదమ్మా, మోసపోయినావు" అంది. అదీ పదిమందిలో. పట్టు వ్యాపారం నడిచే మదనపల్లెలో ఆడదానికి అంతకంటే తలవంపులు ఇంకేముంటాయి? పాస్టరమ్మ చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. "బాగుందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోతుందక్కా" అని నేనడిగితే, "లేనిది యాల చెప్పాల?" అంది.

నేను గ్లోరియాను. లాండ్రీ పక్క గదిలో కుట్టుమిషన్ మీద ఆసుపత్రి దుప్పట్లకు, దిండు గలీబులకు అంచులు కుడతాను. మా ఇద్దరికీ మధ్య ఒక కిటికీ. ఊళ్ళో సంగతులన్నీ ఆ కిటికీలోంచే ఇటూ అటూ నడుస్తాయి.

ఇందిరక్కది పుంగనూరు దగ్గర పల్లె. అమ్మానాన్నలు చెనిక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్ళు. తల్లిని రెండో కాన్పుకు ఈ ఆసుపత్రికే తెచ్చారు. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. శవాన్ని తీసుకుని ఊరికి పోయిన తండ్రి బిడ్డ కోసం మళ్ళీ రాలేదు. అప్పటికి లంగా వేసుకునే వయసు పిల్ల ఇందిరక్క, ఆ పసిగుడ్డును చంకనేసుకుని లాండ్రీ గట్టు మీద కూర్చుంటే, అప్పటి పెద్ద నర్సమ్మ చేతికొక బకెట్టు ఇచ్చి కట్టుగుడ్డలు ఉతకమంది. సోడా నీళ్ళకు పగిలిన ఆ చేతులు ఇప్పటికీ నున్నగా కాలేదు. ఇప్పుడు మెషీన్లు వచ్చాయి, ఆమె పర్మనెంటు అయింది, చేతికింద మనుషులున్నారు. ఆ పసిగుడ్డే జెమీమా. పేరుకు చెల్లెలు, పెంచింది కూతురిలాగే.

జెమీమాను గూడూరు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెంలో ఇచ్చింది. మొగుడు డానీ కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వీలైనప్పుడు ఇంటికి పోయి వస్తుంటాడు. మంచం దిగలేని అత్తను చూసుకుంటూ జెమీమా రేకుల ఇంట్లో ఉంటుంది. ఇంటి ముందు నిలబడితే అలలు కనిపిస్తాయట. "సముద్రం ముందర ఇల్లేందే, ఉప్పుకు రేకులు తుప్పు పడతాయి" అని అక్క అన్నదే గాని, పిల్ల సంతోషంగా ఉందని ఊరుకుంది.

పోయిన నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది.

మా చర్చి సంఘపెద్ద శరత్ బాబుకు టమాటా మార్కెట్ యార్డులో మండీ ఉంది, పుంగనూరు చెరువు కింద పొలం ఉంది. ఆ ఏడు వానలు మొహం చాటేస్తే, సంఘమంతా వాన కోసం ఉపవాస ప్రార్థనలు చేశాం. ఆయన ముందుండి చేయించాడు. వాయుగుండం పుట్టగానే గుడి మెట్ల మీద నిలబడి ఫోను తీసి అందరికీ చూపించాడు. నీలం సముద్రంలో ఎర్రగా, పెనం మీద దోసెపిండి తిప్పినట్టు ఏదో తిరుగుతోంది.

"మన ప్రార్థనకు జవాబు ఎట్ల తిరుగుతాండాదో సూడండి" అన్నాడు.

అది సాయంత్రానికి తుఫాను అయింది. మర్నాటికి తీవ్ర తుఫాను అన్నారు. ఫోనులో దాని దారి చూపే గీత నేరుగా జెమీమా వాళ్ళ ఒడ్డు మీదికే పోతోంది. యార్డులో మండీల వాళ్ళు ఆ గీతనే చూస్తూ, అది ముదిరిన కొద్దీ మొహాలు వెలిగించుకుంటున్నారు. అటు తోటలు మునిగితే ఇటు సరుకుకు గిరాకీ. మనిషి ఎంత నీచుడో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు, తుఫాను రోజు ఆ యార్డులో ఒక టీ తాగితే చాలు.

బుధవారం కూడికలో శరత్ బాబు చేసిన ప్రార్థన వింటే దేవుడే చెవులు మూసుకునేవాడు. "ప్రభువా, ఈ వానను మా చెరువులకు పంపు. గాలిని మాత్రం మా తోటల మీదికి రానీయొద్దు, ఆ ఒడ్డునే ఆపెయ్" అన్నాడు. వాన మాకు, గాలి వాళ్ళకు! అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కనున్న ఇందిరక్క మాత్రం కళ్ళు తెరిచి ఆయన వైపే చూస్తోంది. నాకైతే రోత పుట్టింది.

మర్నాడు కిటికీలోంచి అక్క గొంతు వినిపించింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకరు పెట్టి జెమీమాతో మాట్లాడుతోంది. పాలెంలో ఆటోకు మైకు కట్టి, అందరూ ఇళ్ళు వదిలి బడికి పొమ్మని చాటుతున్నారు. బస్సులు కూడా పెట్టారు. అందరూ ఎక్కుతున్నారు. జెమీమా కదలనంటోంది.

ఎందుకు కదలదో మా వాళ్ళకు తప్ప బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ప్రతి కొత్త సంవత్సరానికి మా గుడిలో ఒక పళ్ళెం నిండా కార్డులు బోర్లించి పెడతారు. వాగ్దాన కార్డులు. ఎవరికి ఏ వాక్యం వస్తే ఆ ఏడంతా దేవుడు వాళ్ళకిచ్చిన మాట అదే. ఊళ్ళో లేనివాళ్ళకు ఇంట్లోవాళ్ళు పేరు చెప్పి తీస్తారు. ఆ ఏడు జనవరిలో ఇందిరక్క వీడియో కాల్‌లో పళ్ళెం చూపిస్తుంటే, జెమీమా అవతలనుంచి "ఆ అంచుదాన్ని తీ అక్కా" అని నవ్వుతూ చెప్పింది. ఆపద నీ ఇంటి దరిదాపులకు రాదని వచ్చింది. అక్క పోస్టులో పంపితే, జెమీమా దాన్ని వాకిలి తలుపు మీద అంటించుకుంది.

ఇప్పుడు ఆ కార్డును నమ్ముకుని కూర్చుంది. డానీ కుప్పం నుంచి ఫోను చేసి తిట్టినా వినలేదు. పైగా శరత్ బాబుకు ఫోను చేసి అడిగిందట. ఈ మహానుభావుడు, "విశ్వాసం ఉంటే కదలాల్సిన పనిలేదమ్మా, మేమీడ ప్రార్థన చేస్తాండాం గదా" అన్నాడట. గాలిని ఆ ఒడ్డుకు తోలమని మొక్కిన నోటితోనే! చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది నాకు.

అక్క మొదట ఏడ్చింది. తర్వాత తిట్టింది. మెషీన్‌లో తడి దుప్పట్లు ధబధబ తిరుగుతున్నాయి.

"జెమీ, ఒక మాట విను. ఆ కార్డు నీది కాదు" అంది.

నేను మిషన్ తొక్కడం ఆపేశాను.

"పోస్టు చేసేటప్పుడు తారుమారైంది. నాది నీకొచ్చింది. నీది నాకాడ ఉండాది. లేచి నేను చూపే చోటికి పో అని రాసుండాది దాంట్లో. నీకు చెప్పల్లంటే సిగ్గయి ఇన్నాళ్ళూ చెప్పలే."

అవతలినుంచి గాలి హోరు వినిపించింది. తర్వాత, "సరే అక్కా. పెట్టేయ్. అత్తను లేపాల" అని మాత్రం వినిపించింది.

ఫోను పెట్టేశాక అక్క నా వైపు చూడలేదు. తడి దుప్పటి ఒకటి తీసి, పిండిందే పిండుతూ నిలబడింది.

తుఫాను శుక్రవారం తీరం దాటింది. మాకు వాన దంచికొట్టింది. దుప్పట్లు ఆరక వార్డుల్లో రోగులు చలికి ముడుచుకుపోతుంటే, శరత్ బాబు మాత్రం పుంగనూరు చెరువు నిండి మొరవ పోతోందని ఫోటోలు పంపిస్తున్నాడు. పాలెంలో జెమీమా ఇంటికి గోడలు కూడా మిగల్లేదు. వాకిలి లేదు, దాని మీది కార్డూ లేదు. వరసలోని ఇళ్ళన్నీ అంతే. అత్తను డానీ గూడూరులో వాళ్ళక్క ఇంట్లో దించి, పెళ్ళాన్ని మదనపల్లె తీసుకొచ్చాడు. కట్టుబట్టలతో వచ్చింది. ఆ బురద చీరను అక్క మెషీన్‌లో వేయకుండా తన చేతులతో ఉతికింది.

ఆదివారం గుడిలో శరత్ బాబు మైకు పట్టుకున్నాడు. మొహం పెళ్ళిపందిరిలా ఉంది. చెరువు నిండినందుకు స్తోత్రం అన్నాడు. తర్వాత మా వరస వైపు చెయ్యి చాపాడు.

"ఈ బిడ్డను సూడండి. ఇల్లు పోయినా, వాగ్దానం ఈమెను కాపాడింది. ఇందిరమ్మా, లేచి సాక్ష్యం చెప్పమ్మా. కార్డు మహిమ అందరూ విననీ."

సిగ్గులేని జన్మ! కదలొద్దని చెప్పిన మనిషి, కదిలి బతికిన పిల్లను తన గెలుపు కింద రాసుకుంటున్నాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. ఇందిరక్క లేచింది. మైకు తీసుకోలేదు.

"కార్డు మహిమ ఏమీ లేదు. కార్డు నా చెల్లెలిదే, ఏదీ తారుమారు కాలే. దాన్ని నమ్మి ఉంటే ఈ పొద్దు పిల్ల శవం ఈడ ఉండేది. మీరు కదలొద్దన్నారు. నేను అబద్ధం చెప్పి లేపినా. దేవుని మాట మీద అబద్ధం చెప్పినా. దానికి శిక్ష ఏదన్నా ఉంటే నాకు పడనీ."

శరత్ బాబు పాటల పుస్తకంలో పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

అక్క కూర్చుంది. చెల్లెలి మొహం వైపు చూసే ధైర్యం లేక, ఆమె కట్టుకున్న తన పాత చీర కొంగును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తలవంచుకుంది.

"నాకు తెలుసక్కా" అంది జెమీమా మెల్లగా.

"ఏంది తెలుసు?"

"నువ్వు తీసేటప్పుడు ఫోన్లో సూస్తానే ఉంటి గదా. దాంట్లో రాసింది ఆపొద్దే సదివినా. అది నా కార్డే."

"మరి యాల లేచి పోయినావే?"

"పుట్టినకాడి నుంచి నీ నోట ఒక్క అబద్ధం వినలే. ఆ పొద్దు విన్నా" అంది జెమీమా. "అప్పుడు భయమేసింది అక్కా."