కుర్చీకి అంటిన పసుపు

పోయిన వారం నన్ను పెళ్లికూతుర్ని చేసినప్పుడు, అలియాబాద్‌లో మా వాకిట్లో తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పసుపు పూశారు. మర్నాడే మచ్చ బొల్లారంలోని మగపెళ్లివారు సంబంధం వద్దన్నారు. కుర్చీకి పసుపు మిగిలిపోయింది.

ఈ రోజు అమ్మ దాన్ని సబ్బుతో, నిమ్మచెక్కతో రుద్దీ రుద్దీ అలసిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు.

"గంతగనం రుద్దుడెందుకే? ఎండల వెట్టు. పసుపు ఎండకు ఆగది" అంది అవ్వ.

డాబా మీద పెట్టాం. సాయంత్రానికి కుర్చీ తెల్లబడింది. అవ్వ అందులోనే కూర్చుని టీ తాగింది.

నా గోళ్లకు ఇంకా పసుపు ఉంది. రేపు నేనూ డాబా ఎక్కి ఎండలో కూర్చుంటాను. తోడు వచ్చేవాళ్లు ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోండి.