ముసలి గేరు

పోస్టుమాన్ బాబాయి కొండవీధి బీటుకి వచ్చి పది నెలలైంది. మేక కూడా ఒకసారి ఆలోచించుకుని ఎక్కే ఎత్తు అది. అందుకని ఆఫీసు ఆయనకి ఏడు గేర్ల సైకిలిచ్చింది. బాబాయి ఆరింటి మొహం చూడలేదు. వెనక చక్రానికున్న పెద్ద పళ్ళచక్రం మీదికి గొలుసు ఎక్కితే తొక్కుడు తేలికవుతుంది; దానికాయన పెట్టిన పేరు ముసలి గేరు. మగాడన్నవాడు బరువు గేరులోనే ఎక్కాలట! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. తీరా సగం వీధిలో దిగి, సైకిలు నెట్టుకుంటూ, రొప్పుతూ రోజూ ఆలస్యంగా పైకి చేరేవాడు.

శనివారం పోస్టుమాస్టరు గారు పిలిచారు. "సోమవారం నేనే పైన నిలబడతాను. పదిన్నరకల్లా మీరు రాకపోతే ఆ బీటు మోటారుసైకిలున్న వాళ్ళకిచ్చేస్తాను. మీరు లోపల కూర్చుని ముద్రలు కొట్టుకోండి."

 ఎండలోనో వానలోనో నలుగురి గుమ్మాలు తిరిగితే గానీ బాబాయికి పొద్దుపోదు. నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే వారంలో మంచం పడతాడు.

ఇంట్లో భార్య కుట్టుమిషను మీద మందపాటి ప్యాంటు అంచు కుడుతోంది.

"సోమవారం ఇంకా గట్టిగా తొక్కుతా," అన్నాడు బాబాయి.

"గట్టిగా తొక్కితే విరిగేది మోకాళ్ళే. ఇటు చూడండి. మడత మందంగా ఉందని కాలితో తన్నితే సూది విరుగుతుంది. కాలు ఆగిందా, చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతుంది. తేలిగ్గా, ఆపకుండా, ఒకే వరసలో ఆడించాలి."

"మరి ఆ ముసలి గేరులోనా?"

"గేరుకి వయసేమిటండీ? మోకాళ్ళకుంది గానీ!"

ఆదివారం ప్రయత్నించాడు. సగం ఎక్కాక, ఊపిరాడనప్పుడు గేరు మార్చాడు. గొలుసు కరకరమని ఊడిపోయింది. చేతులనిండా నల్లటి జిడ్డుతో ఇంటికొచ్చాడు.

"మడత మీదికెక్కాక సర్దుకుంటారా ఎవరైనా? ముందే మార్చుకోవాలి," అంది భార్య, సబ్బు చేతికిస్తూ.

సోమవారం ఎత్తు ఇంకా మొదలవకముందే, ఇస్త్రీ కొట్టు దగ్గరే మార్చేశాడు. పాదాలు గిరగిరా తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం నత్తనడక. "బాబాయ్, గాలికి తిరుగుతున్నావా?" అని నవ్వాడు ఇస్త్రీ ఆయన. బాబాయికి సిగ్గేసింది. అయినా చెవిలో భార్య మిషను చప్పుడే పెట్టుకుని, ఆ వరసలోనే తొక్కాడు. రోజూ దిగే మలుపు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆయన దిగలేదు. 

పైన పోస్టుమాస్టరు గారు గడియారం చూసుకున్నారు. పదీ ఇరవై ఐదు. "బీటు మీదేనండీ," అన్నారు.

చివరి ఇంటి ముసలావిడ తలుపు తీసింది.

"అమ్మా, మీ అమ్మాయి ఉత్తరం. బరువుగా ఉంది, ఫొటోలు పంపినట్టుంది," అన్నాడు బాబాయి, ఏమాత్రం రొప్పకుండా.

ఆవిడ ఉత్తరం అందుకోవడమే మర్చిపోయింది.

"నాయనా, నీకు మాటలొచ్చా! ఇన్నాళ్ళూ మూగవాడివనుకుని నేనూ సైగలే చేస్తున్నానే! రా, కూర్చో. పది నెలల కబుర్లున్నాయి."