సీసాలు మార్చిన వారం

నలభై దాటాక మళ్లీ బ్యాగు తగిలించుకుని కాలేజీకి వెళ్తే మొదట ఇబ్బంది పెట్టేది చదువు కాదు, పలకరింపులు. నారాయణగూడలో మా కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ మొదటి రోజే నన్ను ఆపి, "పేరెంట్స్ మీటింగ్ ఇయ్యాల లేదు మేడమ్" అన్నాడు. నేను ఎమ్మెస్సీ జువాలజీలో చేరిన విద్యార్థినినని చెప్పాను. ఆయన నన్నూ, నా బ్యాగునూ, అందులోంచి తొంగిచూస్తున్న టిఫిన్ బాక్సునూ చూసి, "మంచిగ చదువుకోండ్రి" అని ఆశీర్వదించినంత పని చేశాడు.

క్లాసులోకి వెళ్తే అక్కడ ఇంకో తమాషా. రెండో బెంచీలో కూర్చున్న అమ్మాయి నన్ను చూసి గబుక్కున లేచి, "గుడ్ మార్నింగ్ టీచర్" అంది. అశోక్‌నగర్‌లో నేను సైన్సు చెప్పే బడిలో పదో తరగతి దాకా నా దగ్గరే చదివిన పిల్ల. ఆమె లేచేసరికి నేనే లెక్చరర్ననుకుని క్లాసంతా లేచి నిలబడింది. సంగతి తెలిశాక పడీ పడీ నవ్వారు కానీ, ఆ పిలుపు మాత్రం నాకు అంటుకుపోయింది. నాకంటే చిన్నదైన మా మేడమ్ కూడా ఒకసారి హాజరు తీసుకుంటూ "టీచర్ గారు వచ్చారా?" అని అడిగింది.

ఈ వయసులో నాకీ తాపత్రయం ఎందుకంటే, మా బడివాళ్లు రెండేళ్లలో జూనియర్ కాలేజీ పెడతామన్నారు. నేను ఎమ్మెస్సీ పాసైతే జువాలజీ లెక్చరర్ ఉద్యోగం నాకే ఇస్తామన్నారు. కాలేజీ తెరిచేలోగా చేతిలో డిగ్రీ లేకపోతే బయటినుంచి ఇంకొకరిని తెచ్చుకుంటారు. ఎనిమిది, తొమ్మిది, పది, మళ్లీ ఎనిమిది, తొమ్మిది, పది అంటూ అవే పాఠాలు చెప్పి చెప్పి నాకు నా గొంతు మీదే విసుగొచ్చింది. పెద్ద పిల్లలకు పెద్ద పాఠాలు చెప్పాలని మహా కోరికగా ఉండేది. పొద్దున్నే బడిలో నా పీరియడ్లు ముగించుకుని ఆటో ఎక్కి నారాయణగూడ చేరేదాన్ని.

మా కోర్సులో చివరి సెమిస్టర్‌లో కావాలంటే సొంతంగా ఒక ప్రాజెక్టు చేయొచ్చు, వద్దంటే దాని బదులు ఇంకొన్ని పేపర్లు రాసి బయటపడొచ్చు. మా బ్యాచ్ మొత్తం పేపర్లకే చేతులెత్తింది. చదవడం, రాయడం, పరీక్ష హాలు మెట్లు దిగేలోపు మరిచిపోవడం మాకు బాగా చేతనైన విద్య. సాయంత్రాలు నేను చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చునేదాన్ని. అక్కడ చుట్టూ సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలే. "ఏ పోస్టుకు ప్రిపేర్ అవుతున్నరు అక్కా?" అని పక్కనున్న అబ్బాయి అడిగితే, నేను చదువుతున్న బొద్దింక నాడీ మండలం బొమ్మ చూపించాను. "గిది సిలబస్‌ల కొత్తగ కలిపిన్రా?" అని పాపం పరేషాన్ అయిపోయాడు.

పేపర్లంటే నాకు భయం లేదు. భయమంతా ప్రాక్టికల్ పరీక్షే. ల్యాబులో వరసగా బల్లలు, బల్లకో సీసా పెడతారు. సీసాలో మందునీళ్లలో నానుతున్న చేపో, పామో, తేలో ఉంటుంది. బెల్లు కొట్టేలోపు దాని పేరు, అది ఏ వర్గానిదో, ఎలా గుర్తుపట్టామో రాసి పక్క బల్లకు జరగాలి. పేరు రాసిన చీటీలు ముందే పీకేస్తారు. ఏళ్ల తరబడి నానడం వల్ల ఆ జీవాలన్నీ రంగు వెలిసిపోయి, ఉడకబెట్టిన బెండకాయల్లా ఒకే తీరుగా ఉంటాయి. కట్లపాముకీ, విషం లేని పాముకీ తేడా తెలియదు.

దీనికి మా సీనియర్లు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. జీవాన్ని చూడొద్దు, సీసాను చూడు. మూత పగిలింది కట్లపాము. మైనం కారి గడ్డకట్టింది క్లారియస్ చేప. నీళ్లు టీ రంగుకు తిరిగింది దాని లాగే మీసాలుండే హెటిరోప్‌న్యూస్టిస్. ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి ఈ జ్ఞానం నోటిమాటగా అందుతూ వస్తోంది. బడిలో బట్టీ పట్టే పిల్లల మీద గయ్యిమని లేచే నేను, ఈ సీసాల శాస్త్రాన్ని అందరికంటే ముందు కంఠస్థం చేశాను. నా పాత విద్యార్థిని నా చేత రోజూ అప్పజెప్పించుకునేది. తడబడితే, "ఇంటికి పోయి మల్ల సదువుకోన్రి టీచర్" అని నా మాట నాకే అప్పజెప్పేది.

ప్రాక్టికల్స్ ఇంకో రెండు వారాలు ఉన్నాయనగా, కాలేజీని చూడటానికి ఏదో కమిటీ వస్తోందని తెలిసింది. గోడలకు రంగులు పడ్డాయి, వరండాలో పూలకుండీలు వెలిశాయి. సోమవారం ల్యాబులోకి వెళ్లి చూద్దుముగదా, అలమరాలో సీసాలన్నీ కొత్తవి! అన్నీ ఒకే కొలత, అన్నీ నీలం మూతలు, అన్నింటిలో తళతళలాడే కొత్త నీళ్లు. వెనకనుంచి ఒకరు నెమ్మదిగా, "టీచర్, కట్లపాము ఏది?" అన్నారు. నేను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాను. నాకేం తెలుసు!

మా మేడమ్ మాత్రం మురిసిపోతూ, "ఎంత బాగున్నాయో చూడండి! ఇప్పుడు లోపల ఉన్నవి స్పష్టంగా కనిపిస్తున్నాయి" అంది. కనిపిస్తున్నాయి, అదే మా ఏడుపు. పైగా కమిటీ వచ్చి వెళ్లేదాకా ఎవరూ వాటిని ముట్టుకోకూడదని ల్యాబుకు తాళం పడింది. కమిటీ వచ్చేది పరీక్షకు ముందు రోజు. ఆ సాయంత్రం లైబ్రరీలో కూర్చుంటే పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. లెక్చరర్ కుర్చీ చేజారిపోతోందని నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఎదురుగా కూర్చున్న నా పాత విద్యార్థిని పుస్తకం మూసి, "గా సీసాలల్ల ఉన్నయి ఆకాశంల నుంచి ఊడిపడ్డయా టీచర్? రాంనగర్ చేపల మార్కెట్‌కు పోదాం పాండ్రి. సగం ఆడనే కనబడ్తయి" అంది.

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. ఆదివారం పొద్దున్నే చేపల మార్కెట్‌కి బయలుదేరుతున్నానంటే మా అత్తగారు ఆలోచించి, "చదువు కోసమేగా? చూసి రా. తీసుకురాకు" అన్నారు. మార్కెట్లో మొదటి కాసేపు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉన్నాను. తర్వాత ఎప్పుడు తీశానో నాకే తెలియదు. ఒక తొట్టిలో మీసాల చేపలు ఈదుతున్నాయి. వంగి చూస్తే, కొన్నింటికి వీపు పొడుగునా తోరణం కట్టినట్టు రెక్క ఉంది, కొన్నింటికి మెడ వెనక చిన్న ముక్క మాత్రమే ఉంది. మొదటిది క్లారియస్, రెండోది హెటిరోప్‌న్యూస్టిస్. పుస్తకంలో ఎన్నోసార్లు చదివిందే. ఇంత సులువా అని నాకు నవ్వాగలేదు.

చేపలమ్మే ఆమెకు మాత్రం ఒళ్లు మండింది. "కొంటరా, ఉత్తగ చూడనీకి వచ్చిన్రా? ఇంక బోణీ గాలె నాకు!"

"జర ఆగు అక్కా, మా టీచర్ రెక్కలు చూస్తున్నది" అంది నా వెంట వచ్చిన మా పాత విద్యార్థిని.

"రెక్కలేంది? కూర వండుకునేది కండ గదా!"

ఆమె కోపం చల్లారడానికి ఆ పిల్ల వాళ్లింటికని ఒక బతికున్న కొరమీనును కొంది. కోసే అతనితో, "అన్నా, గుండె జర పైలంగ తీసి ఇయ్యి" అంది. అతను కత్తి ఆపి మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "గుండెనా? అది పడేస్తం గదా. మీరు గుండె తింటరా?" అంటూనే తీసి ఇచ్చాడు.

ఆ పిల్ల దాన్ని నా అరచేతిలో పెట్టింది. నేను వద్దనలేదు. చింతగింజంత ఉంది. ముదురు ఎరుపు. చేప లోంచి ఊడివచ్చాక కూడా అది కొట్టుకుంటోంది, ఆగి ఆగి, మొండిగా. చేప గుండెకు రెండు గదులని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. బోర్డు మీద కంచమంత బొమ్మ గీసి, చెడు రక్తమని రెండింటికీ నీలం సుద్ద పూసేదాన్ని. ఆ మార్కెట్ మధ్యలో, చుట్టూ బేరాలు సాగుతుండగా, నా అరచేతిలో కొట్టుకుంటున్నదాన్ని చూస్తూ నేను చిన్నపిల్లలా సంబరపడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. "ఏమైంది టీచర్?" అని ఆ పిల్ల కంగారుపడితే, "ఇది బతికే ఉందే" అన్నాను.

పరీక్ష రోజున నీలం మూతల వైపు చూడలేదు. మీసాల చేప వస్తే వీపు చూశాను. పాము వస్తే వెన్ను మీది పొలుసులు చూశాను. నడుమ వరస పెద్దగా ఉంది, కట్లపాము. అన్నీ రాశానని చెప్పను, ఒక పీత నన్ను చివరిదాకా సతాయించింది. తర్వాత బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన మౌఖిక పరీక్షకు ఒక్కొక్కరినే పిలిచారు. నా కాగితాలు తిరగేసి, "ప్రాజెక్టు చేయలేదన్నమాట. ఈ రెండేళ్లలో పుస్తకంలో కాకుండా మీ కళ్లతో మీరు చూసిందేమైనా ఉందా అమ్మా?" అన్నారు, కాస్త వెటకారంగానే.

నేను చెప్పడం మొదలుపెట్టాను. తొట్టి దగ్గర మొదలై కత్తి దాకా వచ్చాను. ఆయన మార్కుల కాగితం మీద ఏదో రాసుకుంటూ విన్నారు. గుండె దాకా వచ్చేసరికి కలం పక్కన పెట్టి, "ఎంత ఉంది?" అని అడిగారు.

"చింతగింజంత సార్. ఇక్కడ కొట్టుకుంది" అని అరచేయి చాపి చూపించాను.

ఆయన నా అరచేతిలోకి చూశారు, అక్కడ ఇంకా ఏదో ఉన్నట్టు. "నేను చూసి చాలా ఏళ్లయిందమ్మా" అన్నారు.

పాసయ్యాను. నా పాత విద్యార్థినికి నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి, అది ఊరంతా చాటింపు వేసుకుంది. బడివాళ్లు మాట నిలబెట్టుకున్నారు. కొత్త కాలేజీలో గుండెల పాఠం వచ్చిన రోజు, అంత పెద్ద బోర్డు నడిమధ్యలో చేప గుండెను చింతగింజంత గీశాను, ఎర్ర సుద్దతో. వెనక బెంచీల నుంచి గోల మొదలైంది.

"మేడమ్, కనబడ్తలేదు!"

"ఉన్నదే అంత. ముందుకు రండి" అన్నాను.

బెంచీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి బోర్డు దగ్గరికి వచ్చారు.